ఎనామెల్ బొమ్మ ఉన్న పాత బంగారు పొడుం పెట్టెలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్‌లోనో పారిస్‌లోనో మ్యూజియం చూసొచ్చినవాళ్ళు, వేలం కేటలాగులు తిరగేసేవాళ్ళు, విదేశాల్లో పాత వస్తువుల సంతకి వెళ్ళి "ఇది అసలుదేనా?" అని ఫొటోలు పంపేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాశాను. ఇవన్నీ ప్రధానంగా 18వ శతాబ్దపు యూరప్ పెట్టెల గురించే. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు ముక్కల్లో అయిపోతాయి.

ఇది అసలు ఏం వస్తువు?

అరచేతిలో ఇమిడే బంగారు పెట్టె. వెడల్పు మామూలుగా 7, 8 సెంటీమీటర్లు. బందుల మూత. లోపల ముక్కుపొడుం. మూత మీదో, మూత లోపలి వైపో ఎనామెల్‌తో, అంటే లోహం మీద కరిగించిన రంగు గాజుతో, చిన్నగా వేసిన ఒక మనిషి మొహం బొమ్మ ఉంటుంది. అది రాజుదో, రాణిదో, ప్రేమించిన మనిషిదో కావచ్చు. నలుగురికీ చూపించుకోవాలనుకున్న మొహం పైన ఉంటుంది. అందరికీ చూపించకూడని మొహం లోపల ఉంటుంది. పొడుం ఇస్తున్నట్టు మూత తెరిస్తే కావలసిన మనిషికే అది కనిపిస్తుంది.

పొడుం డబ్బీకి అంత హంగు ఎందుకు?

మన దగ్గర పొడుం అనగానే రొంటిన దోపుకున్న రేకు డబ్బీ గుర్తొస్తుంది కాబట్టి ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. ఫ్రాన్స్‌లో కథ వేరు. 14వ లూయీకి పొగాకు గిట్టేది కాదు. 1715లో ఆయన పోయాక కొలువులో పొడుం పీల్చడం బాహాటమైంది. పెట్టె తీయడం, మూత మీద వేలితో తట్టడం, పక్కవాళ్ళకి చిటికెడు అందించడం పెద్దమనిషి తరహాలో భాగమైపోయాయి. పెట్టె చూసి మనిషిని అంచనా కట్టేవారు.

ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్‌కి ఇది మరీ పిచ్చి. ఫ్రెంచి పెట్టెల దిగుమతి ఆపించి బెర్లిన్ పనివాళ్ళ చేత రాళ్ళు పొదిగిన పెద్ద పెద్ద పెట్టెలు చేయించుకున్నాడు. 1759లో కూనర్స్‌డార్ఫ్ యుద్ధంలో ఒక తూటా జేబులోని పొడుం పెట్టెకి తగిలి ఆయన బతికాడని చెబుతారు.

ఇంకో పెద్ద కారణం కానుకలు. దౌత్యవేత్తకి డబ్బు ఇస్తే లంచమవుతుంది. అంతే విలువైన పెట్టె మీద రాజుగారి బొమ్మ పెట్టి ఇస్తే గౌరవమవుతుంది. 1785లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫ్రాన్స్ వదిలి వెళ్తుంటే 16వ లూయీ తన బొమ్మ చుట్టూ 408 వజ్రాలు పొదిగించి ఇచ్చాడు. ఆ వజ్రాలతో నగలు చేయించుకోవద్దని షరతు పెట్టి ఫ్రాంక్లిన్ దాన్ని కూతురికి రాసిచ్చాడు. ఆవిడ నగలు చేయించుకోలేదు, కొన్ని వజ్రాలు అమ్ముకుంది. ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఉన్న ఆ బొమ్మకి మిగిలింది ఒకే ఒక్క వజ్రం. అది దంతం మీద వేసిన బొమ్మ, ఎనామెల్ కాదు. కానీ ఇలాంటి కానుకల గతి ఎలా ఉండేదో దాన్ని చూస్తే తెలుస్తుంది.

బ్రిటన్ విదేశాంగ మంత్రి కాసిల్‌రేకి నెపోలియన్ యుద్ధాల తర్వాత ఒప్పందాల సందర్భంగా పెట్టెల మీద పెట్టెలు వచ్చిపడ్డాయి. ఆయన ఆ బంగారం కరిగించి సిరాబుడ్ల పళ్ళెం చేయించుకున్నాడు. పాల్ స్టార్ చేసిన ఆ పళ్ళెం లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. చూడ్డానికి బాగుంటుంది కానీ, దాని కోసం కరిగిపోయిన పెట్టెలు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఎనామెల్ బొమ్మ ఎలా వేస్తారు?

మన కంసాలులు మీనా అనే పని ఇదే జాతికి చెందింది. రంగు గాజుని మెత్తగా నూరి లోహం మీద పరిచి బట్టీలో కరిగిస్తారు. తేడా ఏమిటంటే, మీనాలో సాధారణంగా చెక్కిన గుంటల్లో రంగు నింపుతారు. మొహం బొమ్మకి అది చాలదు, చర్మం రంగులో వెలుగునీడలు కావాలి. 1630ల ప్రాంతంలో ఫ్రాన్స్‌లో జాఁ టూటాఁ అనే కంసాలి, ఆయన కుటుంబం దీనికి దారి కనిపెట్టారు. ముందు రేకు మీద తెల్ల ఎనామెల్ పూత ఒకటి కాల్చి, దాని మీద లోహపు రంగుల్ని నూనెలో కలిపి సన్న కుంచెతో వేయడం మొదలుపెట్టారు.

రేకు బంగారందో రాగిదో ఉంటుంది, కొంచెం ఉబ్బెత్తుగా వంచుతారు. వెనక వైపు కూడా ఎనామెల్ పూస్తారు. ఒక వైపే పూస్తే చల్లారేటప్పుడు గాజు, లోహం వేర్వేరుగా కుంచించుకుపోయి రేకు వంకర తిరుగుతుంది, లేదా పూత పగులుతుంది. తెలుపుకి తగరం, నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకి రాగి, ఎరుపుకి ఇనుము, ఊదాకి మాంగనీసు వాడతారు. బుగ్గల గులాబీ రంగు బంగారం నుంచే వస్తుంది.

ఒక్కసారి కాలిస్తే అయిపోయేది కాదు. కొంచెం వేయడం, సుమారు 700 నుంచి 850 డిగ్రీల వేడిలో కాసేపు ఉంచడం, తీసి చూడడం, మళ్ళీ వేయడం. ఎక్కువ వేడి తట్టుకునే రంగులు ముందు, సున్నితమైనవి చివర. కాల్చక ముందు రంగు ఒకలా ఉంటుంది, కాల్చాక ఇంకోలా మారుతుంది. చిత్రకారుడు కళ్ళెదుట ఉన్న రంగుతో కాకుండా జ్ఞాపకంలో ఉన్న రంగుతో బొమ్మ వేస్తాడన్నమాట. చివరి కాల్పులో బుడగ లేచిందా, అన్ని రోజుల పనీ పోయినట్టే. జెనీవా వాళ్ళు పైన పారదర్శకమైన గాజు పూత ఇంకోటి వేసేవారు. అందుకే వాళ్ళ బొమ్మలు నీళ్ళ అడుగున ఉన్నట్టు మెరుస్తాయి.

పేరున్న చిత్రకారులు ఎవరు?

మొదట చెప్పాల్సింది జాఁ పెతితో. 1607లో జెనీవాలో పుట్టాడు. ఇంగ్లండ్‌లో మొదటి చార్లెస్ దగ్గర పనిచేశాడు. అక్కడ రాజవైద్యుడు మయెర్న్ రంగుల రసాయనంలో సాయం చేశాడు. తర్వాత పారిస్ వెళ్ళి జాక్ బోర్దియేతో కలిసి 14వ లూయీ బొమ్మలు లెక్కలేనన్ని వేశాడు. ప్రొటెస్టెంటు కావడంతో 1685లో మత స్వేచ్ఛ రద్దయ్యాక ముసలితనంలో జైలుపాలయ్యాడు. చివరికి స్విట్జర్లాండ్ చేరి 1691లో కన్నుమూశాడు. ఇంగ్లండ్‌లో ఆ తర్వాతి పెద్ద పేర్లు డ్రెస్డెన్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ జింకె, తర్వాత హెన్రీ బోన్.

ఎనామెల్ బొమ్మా, దంతం మీద వేసిన బొమ్మా? తేడా ఎలా తెలుస్తుంది?

దీపం కింద పెట్టి అటూ ఇటూ వంచండి. ఎనామెల్ అయితే ఉపరితలమంతా గాజులా ఒకే మెరుపు పాకుతుంది, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. దంతం మీద వేసినవి నీటిరంగులు కాబట్టి పైన గాజు లేకుండా బతకవు. భూతద్దంలో చూస్తే సన్న చుక్కలు, వాటి వెనక దంతపు సన్నని గీతలు కనిపిస్తాయి. ఎండ తగిలిన దంతపు బొమ్మలో బుగ్గల ఎరుపు ముందు పోతుంది, మనిషి పాలిపోతాడు. ఎనామెల్ మొహం మూడొందల ఏళ్ళయినా నిన్న వేసినట్టే ఉంటుంది. ఎనామెల్ మీద కూడా కొన్నిసార్లు గాజు బిగిస్తారు, అందువల్ల గాజు ఉందని మాత్రం దంతం అనుకోవద్దు.

మనవాళ్ళకి ఈ తేడా చట్టం దృష్ట్యా కూడా ముఖ్యం. ఇండియాలో వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఏనుగు దంతం వ్యాపారం నిషేధం, విదేశీ దంతానికీ మినహాయింపు లేదు. బ్రిటన్‌లో 2018 దంతం చట్టం 1918కి ముందు వేసిన చిన్న చిత్రాలకి ఒక మినహాయింపు ఇచ్చింది. అక్కడ సక్రమంగా కొన్నది ఇక్కడ దిగగానే ఇబ్బంది పెట్టొచ్చు. తాబేటి చిప్ప పెట్టెలతోనూ జాగ్రత్త.

బొమ్మా, పెట్టే ఒకే కాలానివేనా?

కొనేవాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఎక్కువమంది ఆఖర్న అడుగుతారు, కొందరు అసలు అడగరు. బంగారం ఎంత, ముద్ర ఉందా అని చూసి సంతోషపడిపోతారు.

పెట్టె ఒకరు చేస్తారు, బొమ్మ ఇంకొకరు వేస్తారు. బొమ్మని విడి రేకు మీద వేసి, చట్రంలో పెట్టి మూతకి బిగిస్తారు. కాబట్టి తీయడం తేలిక, మార్చడం ఇంకా తేలిక. కానుక అందుకున్నవాళ్ళు పెట్టెని మళ్ళీ నగల వ్యాపారికే అమ్మేసి డబ్బు తీసుకోవడం ఆ రోజుల్లో మామూలు. వ్యాపారి పాత మొహం తీసి కొత్త మొహం బిగించేవాడు. రాజు మారితే బొమ్మ మారేది. 19వ శతాబ్దంలో ఇంకో తరహా వచ్చింది. ఒట్టి పెట్టె కంటే బొమ్మ ఉన్న పెట్టెకి గిరాకీ ఎక్కువ కాబట్టి ఎక్కడి బొమ్మనో తెచ్చి మంచి పెట్టెకి అతికించేవారు.

పెతితో 1691లో పోయాడు. ఆయన బొమ్మలున్న 1760ల నాటి పెట్టెలు చాలా ఉన్నాయి. అందులో మోసమేమీ లేదు. 18వ శతాబ్దపు రసికులు పాత పెతితో బొమ్మల్ని కావాలనే కొత్త పెట్టెలకి పెట్టించుకున్నారు. అలాంటి జోడీకీ, పోయిన ఏడాది ఎవరో జిగురుతో అతికించిన జోడీకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

చూడాల్సినవి ఇవి. చట్రం అంచుకీ మూత అలంకరణకీ పొత్తు కుదిరిందా? మూత మీది నగిషీ చట్రం దగ్గర సహజంగా ఆగిందా, లేక సగంలో తెగిపోయిందా? మూత తెరిచి లోపలి వైపు చూడండి. కొత్తగా అతికిన మచ్చలు, పూడ్చిన రంధ్రాలు, రంగు తేడా ఉన్న బంగారం కనిపిస్తే బొమ్మ తర్వాత వచ్చిందన్నమాట. మనిషి తల కట్టు, జుట్టు తీరు ఏ దశాబ్దానివో, పెట్టె మీది ముద్ర ఏ ఏడాదిదో పోల్చండి. రెండింటికీ 40 ఏళ్ళ తేడా ఉంటే అమ్మేవాడు దానికి కారణం చెప్పగలగాలి.

ఇంకో రకం ఉంది. కొన్ని పెట్టెల్లో ఎనామెల్‌ని విడి రేకు మీద కాకుండా నేరుగా పెట్టె బంగారం మీదే వేసి కాల్చారు. వాటిల్లో పెట్టెనీ బొమ్మనీ విడదీయడం కుదరదు, అందుకే వాటి మీద నాకు గౌరవం ఎక్కువ. బొమ్మ పాడైతే పెట్టె మొత్తం పోయినట్టే అన్న ధైర్యంతో చేసిన పని అది.

బొమ్మలో ఉన్నది ఎవరో కనుక్కోవచ్చా?

రాజులైతే సులువు. వాళ్ళ మొహాలు నాణేల మీద, ముద్రిత చిత్రాల్లో దొరుకుతాయి. బిరుదు పతకాలు, భుజం మీది పట్టీ రంగు గట్టి ఆధారాలు. నీలిరంగు పట్టీ ఫ్రెంచి మొహం మీద ఒక అర్థం, ఇంగ్లీషు మొహం మీద ఇంకో అర్థం ఇస్తుంది. అమ్మకం చీటీ మీద "మేరీ ఆంటోనెట్" అని రాసినంత మాత్రాన నమ్మొద్దు. పొడుగు జుట్టున్న ప్రతి అందగత్తెకీ ఆ పేరు తగిలిస్తారు. చిత్రకారుడి సంతకం ఉంటే తరచుగా రేకు వెనక ఉంటుంది. దాని కోసం మీరు స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

పారిస్ ముద్రలు ఎలా చదవాలి?

ఫ్రెంచి విప్లవానికి ముందు పారిస్‌లో చేసిన పెట్టె మీద నాలుగు రకాల ముద్రలు ఉండాలి. భూతద్దం లేనిదే కనపడవు. మూత లోపల, అడుగున, గోడ లోపల, మూత కూర్చునే అంచు మీద వెతకండి.

మొదటిది పనివాడిది. కిరీటం, లిల్లీ పువ్వు, రెండు చిన్న చుక్కలు, పేరులోని మొదటి అక్షరాలు, వాటి మధ్య ఒక సొంత గుర్తు. రెండోది పన్ను వసూలు గుత్తేదారుడిది, పని మొదట్లో వేస్తారు. మూడోది కంసాలుల సంఘం వేసేది. బంగారం వన్నె సరిపోయిందని చెప్పే అక్షరం, దాదాపు ఏటా మారుతుంది. ఏ ఏడాది చేశారో చెప్పేది ఇదే. నాలుగోది పన్ను కట్టాక, పని పూర్తయ్యాక వేసే చిన్న ముద్ర.

గుత్తేదారుల పేర్లు కాలక్రమంలో తెలుసు కాబట్టి ముద్రల్ని ఒకదానితో ఒకటి సరిచూడొచ్చు. ఎలోయ్ బ్రిషార్ 1756 నుంచి 1762, ప్రెవో 1768 దాకా, జూలియెన్ అలతేర్ 1775 దాకా, ఫువాష్ 1781 దాకా, ఆరి క్లావెల్ 1789 దాకా. సంఘం అక్షరం 1764 అంటూ, గుత్తేదారు ముద్ర క్లావెల్‌ది అయితే ఎక్కడో తిరకాసు ఉంది.

తర్వాతి కాలపు ముద్రలు కూడా పెట్టె ప్రయాణం చెబుతాయి. 1838 నుంచి ఫ్రాన్స్‌లో 18 క్యారెట్ల బంగారానికి గద్ద తల. 1893 నుంచి విదేశాల నుంచి వచ్చినవాటికి గుడ్లగూబ. పాత ముద్రల పక్కన గుడ్లగూబ కనిపిస్తే పెట్టె ఒకసారి ఫ్రాన్స్ దాటి వెళ్ళి తిరిగొచ్చి ఉండొచ్చు. పాత ముద్రలు లేకుండా గుడ్లగూబ ఒక్కటే ఉంటే అది ఫ్రాన్స్‌లో చేసింది కాకపోవచ్చు.

ముద్రలన్నీ ఉన్నాయి, ఇక నమ్మొచ్చుగా?

తొందరపడొద్దు. జర్మనీలో హానావ్ అనే ఊరుంది. ఫ్రెంచి మూలాలున్న ప్రొటెస్టెంటు కంసాలులు స్థిరపడిన చోటు. పారిస్ ముద్రల్ని పోలిన ముద్రలు వాళ్ళు హాయిగా కొట్టుకునేవారు. కిరీటం ఉంటుంది, అక్షరం ఉంటుంది, తీరా పోల్చి చూస్తే పారిస్ పుస్తకాల్లో అలాంటిది ఉండదు. అవి కూడా 18, 19 శతాబ్దాల నిజమైన బంగారు పెట్టెలే, పని కూడా మంచిది. పారిస్ ధర పెట్టి కొనకూడదు, అంతే.

ముద్రల కంటే బందు నాకు ఎక్కువ నమ్మకం. మంచి పారిస్ పెట్టెలో బందు బయటికి పొడుచుకు రాదు, గోడలో కలిసిపోతుంది. మూత వేస్తే అతుకు ఎక్కడుందో వేలికి తగలదు. పొడుం రాలకూడదు కాబట్టి అది సోకు మాత్రమే కాదు, అవసరం కూడా.

బంగారం ఎన్ని క్యారెట్లు?

18వ శతాబ్దపు పారిస్ పెట్టెలు సుమారు 20 క్యారెట్లు. జెనీవా, హానావ్ పెట్టెలు ఎక్కువగా 18. మన 22 క్యారెట్ల అలవాటుకి ఇవి తక్కువగా అనిపిస్తాయి. మెత్తటి బంగారంతో బందు నిలవదు. దయచేసి మీ వీధి కొట్టుకి తీసుకెళ్ళి గీటురాయి మీద గీయించకండి. ఒక్క గీత చాలు విలువ పడిపోవడానికి.

గోల్కొండ వజ్రాలకీ వీటికీ సంబంధం ఉందంటారు, నిజమా?

ఉంది. 1720లలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా యూరప్‌కి చేరిన వజ్రాల్లో దాదాపు అన్నీ భారతదేశానివే. వాటిలో పేరున్నవి కృష్ణా తీరపు గనులవి. కొల్లూరు గని చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. 14వ లూయీ తన ఎనామెల్ బొమ్మల చుట్టూ పొదిగించి పంచిపెట్టిన వజ్రాలు ఏ దిక్కు నుంచి వెళ్ళాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. పలచగా, చదునుగా చెక్కిన వజ్రాన్ని బొమ్మ మీద గాజుకి బదులు బిగించడం కూడా ఉంది. ఫలానా పెట్టె మీది ఫలానా రాయి గోల్కొండదే అని రుజువు లేకుండా చెప్పేవాళ్ళని మాత్రం నమ్మకండి.

ఇంకో చుట్టరికం ఉంది. ఇంగ్లండ్ పొడుం దుకాణాల్లో "మసూలిపటం" అని ఒక రకం అమ్మేవారు. మన మచిలీపట్నమే!

ఎక్కడ చూడొచ్చు?

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని గిల్బర్ట్ సేకరణ, వాలెస్ కలెక్షన్. పారిస్‌లో లూవ్ర్, కోన్యాక్ జే. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటాజ్. పెతితో బొమ్మల కోసమైతే విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో జోన్స్ సేకరణ కూడా వెతుక్కోండి.

జేబులో పట్టేవి కాబట్టి దొంగలకీ ఇష్టమే. 2003లో ఇంగ్లండ్‌లోని వాడెస్‌డన్ భవనంలో వంద దాకా పెట్టెలు ఎత్తుకుపోయారు. 2024 నవంబరులో కోన్యాక్ జేలో పట్టపగలు, జనం చూస్తుండగా గొడ్డళ్ళతో అద్దాలు పగలగొట్టి పెట్టెలు పట్టుకుపోయారు. అందుకే కొనేముందు పోయిన కళావస్తువుల జాబితాలో వెతికించమని అడగండి. వేలం సంస్థలకి అది మామూలు పనే.

ఎనామెల్ మీద పగులు ఉంది. బాగుచేయించవచ్చా?

మళ్ళీ బట్టీలో పెట్టి సరిచేయడం దాదాపు కుదరదు. పాత గాజు కొత్త వేడికి ఎలా తిరగబడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇప్పటివాళ్ళు రెసిన్‌తో పూడ్చి రంగు అద్దుతారు. అల్ట్రావయలెట్ టార్చి వేస్తే ఆ అద్దకం తరచుగా వేరే రంగులో వెలుగుతుంది, కొనేముందు తప్పక వేసి చూడండి. వెంట్రుకవాసి గీత భరించొచ్చు. ముక్కు మీదో కంటి మీదో పెచ్చు లేచిందంటే ధర సగానికి పడినా ఆశ్చర్యపోవద్దు.

బందు వదులైందని మామూలు కంసాలికి ఇస్తే ఆయన అలవాటుకొద్దీ బ్లో టార్చి తీస్తాడు. ఆ వేడికి ఎనామెల్ టప్పున ఊడిపోతుంది. వదులుగానే ఉండనివ్వండి.

ఎలా శుభ్రం చేయాలి?

మెత్తటి పొడి కుంచెతో. అంతే. కుంకుడు రసం, టూత్‌పేస్టు, నగలకొట్టు అల్ట్రాసోనిక్ మిషన్, ఏవీ వద్దు. మూలల్లో పాత పొడుం మిగిలి ఉంటే ఉండనివ్వండి.

పొడుం వేసి వాడుకోవచ్చా?

మీ పెట్టె, మీ ఇష్టం. వాసన మాత్రం బంగారాన్ని వదలదు, ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని వదలరు.

ఎంత పలుకుతుంది?

మనవాళ్ళు ముందు గ్రాముల లెక్క వేస్తారు. 150 గ్రాముల 18 క్యారెట్ల పెట్టెలో మేలిమి 112.5 గ్రాములు, అందులోనూ ఎనామెల్ బరువు తీసేయాలి. ఆ లెక్క పెట్టె ధరకి అడుగుమట్టం మాత్రమే. హానావ్, జెనీవా మామూలు పెట్టెలు వేల పౌండ్లలో దొరుకుతాయి. పేరున్న పారిస్ పనివాడిది, ముద్రలు సరిపోలి, బొమ్మా పెట్టే పుట్టుకతో ఒకటై, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కాగితాలుంటే లక్షల పౌండ్లకి వెళ్తుంది. ఎనామెల్ పెట్టె అని తక్కువకి వస్తే అది రాగి మీద చేసిన ఇంగ్లీషు పెట్టేమో చూసుకోండి. బాటర్‌సీ, బిల్‌స్టన్ పేర్లతో అవి చాలా తిరుగుతాయి, వాటిని అనుకరించిన 19వ శతాబ్దపు పారిస్ సరుకు ఇంకా ఎక్కువ. అందమైనవే, కానీ బంగారం కాదు.

అమెరికాలో కొన్నాను. ఇండియాకి తేవచ్చా?

తేవచ్చు. కస్టమ్స్‌లో చెప్పి, రసీదు చూపించి తేవాలి. కొన్న దేశం నుంచి ఎగుమతి అనుమతి అవసరమేమో అమ్మినవాళ్ళనే ముందు అడగండి. అసలు చిక్కు తర్వాత వస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యమున్న 100 ఏళ్ళు దాటిన వస్తువుని ప్రైవేటు మనిషి దేశం దాటించడానికి లేదు. ఇంట్లో చూపించి మళ్ళీ డాలస్‌కి పట్టుకెళ్దాం అనుకుంటే విమానాశ్రయంలో టెన్షన్ పడాల్సి వస్తుంది. అలాంటి ఆలోచన ఉంటే టికెట్టు కొనకముందే భారత పురావస్తు శాఖకి రాసి, తిరిగి తీసుకెళ్ళడానికి ఏ కాగితాలు కావాలో రాతపూర్వకంగా తెలుసుకోండి. దిగినప్పుడు కస్టమ్స్ ఇచ్చిన కాగితం, పెట్టె ఫొటోలు, బరువు రాసిన రసీదు ఒకే కవర్లో దాచండి.